ఒక్క పుస్తకం, ఎనిమిది అట్టలు

బైండింగ్ బాబాయి మాటెత్తితే చాలు, పెద్దక్క ఇప్పటికీ రెండు చేతులూ జోడిస్తుంది. ఆయనకది గిట్టదు. "నేనేమన్నా దేవుణ్ణా? పో, పని చూసుకో" అని కసురుతాడు. కసరనిదే ఆయనకు పొద్దు గడవదు.

పగలు ఆసుపత్రిలో ఆయాగా చేస్తూ సాయంత్రాలు నర్సింగు చదివే పెద్దక్క, క్లాసులో అందరికన్నా వయసులో పెద్దది. అందుకే ఆ పిలుపు. శరీరశాస్త్రం ఒకసారి తప్పింది. మళ్ళీ తప్పితే సీటే పోతుంది. పరీక్ష ఇంకా ఇరవై రోజులుందనగా కొత్త ఎడిషన్ పుస్తకమే చదవాలన్నారు కాలేజీలో. షాపువాడు "వచ్చే వారం" అన్నాడు. ఆ వచ్చే వారం ఎప్పుడడిగినా వచ్చే వారమే. పాత పుస్తకాల కొట్లో వెనకటి ఎడిషన్ దొరికింది కానీ, అందులో మూత్రపిండాల పాఠం సగమే ఉంది. ఎవరో ఫోన్‌కి పంపిన పేజీల్లో పాఠం కన్నా పంపినవాడి బొటనవేలే ఎక్కువ కనిపించింది. తిరిగి తిరిగి చెప్పులరిగాయి. లైబ్రరీలో ఉన్నది ఒకే ఒక్కటి, మనిషికి మూడు రోజులు. వరసలో పెద్దక్క ఎనిమిదోది. ఆమె వంతు వచ్చేసరికి పరీక్ష అయిపోతుంది.

లైబ్రరీ వెనక గదిలో బాబాయి చిరిగిన పుస్తకాలకు అట్టలు వేస్తుంటాడు. అక్కడికొచ్చి కళ్ళు తుడుచుకుంటున్న పెద్దక్కను చూసి, "ఏడిస్తే పుస్తకం పిల్లల్ని పెడుతుందా?" అన్నాడు. అన్నవాడే చేతిలో సూది ఆపి, వరసలో ఎంతమంది ఉన్నారని అడిగాడు.

మర్నాడు ఆ పుస్తకం వీపు వదులైందని చెప్పి దాన్ని తెచ్చుకుని, కుట్లు విప్పేశాడు. ఎనిమిది భాగాలు చేసి, వేటికవి కుట్టి, నీలం అట్టలు వేసి, వరసలో ఉన్న ఎనిమిది మందినీ పిలిచి చేతుల్లో పెట్టాడు.

"రెండు రోజులకోసారి మార్చుకోండి. ఒక్క కాగితం పోయిందా, నా ఉద్యోగం పోయినట్టే."

అంతా బాగానే ఉంది కానీ, చేతి అలవాటు ఊరుకుంటుందా? ఎనిమిదింటి మీదా లైబ్రరీ ముద్ర గుద్ది, ఒకే నంబరు వేసిపెట్టాడు. మూడో రోజుకే లైబ్రేరియన్ మేడమ్ కంట రెండు భాగాలు పక్కపక్కనే పడ్డాయి.

"కొత్త పుస్తకాన్ని కోసేశారా!"

"కోయలేదమ్మా, విప్పాను. పరీక్ష రోజు సాయంత్రానికి ఒకటిగా చేసిస్తాను. ఇవ్వకపోతే నన్ను పంపించెయ్యండి."

మేడమ్ ఆ రెండు భాగాలనూ తిరిగి ఇచ్చేసి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి పెద్దక్కకు తన పరీక్షతో పాటు ఆయన ఉద్యోగం దిగులూ పట్టుకుంది. నీళ్ళ సీసా దగ్గర పుస్తకం పెట్టేది కాదు. వార్డులో దొరికిన పది నిమిషాలకీ చేతులు కడుక్కుని, తుడుచుకుని మరీ అట్ట తెరిచేది. చదువుతూ చదువుతూ ఉంటే, కన్నతండ్రి కూడా తన చదువు కోసం ఇంత చేసి ఉండడని ఒక్కోసారి అనిపించేది.

పరీక్షలో మూత్రపిండాలు వచ్చాయి. ఆ సాయంత్రం ఎనిమిది భాగాలూ వచ్చాయి. బాబాయి కాగితాలు రెండుసార్లు సరిచూసుకుని, ఒకటిగా కుట్టి మేడమ్ బల్ల మీద పెట్టాడు. ఆమె చివరిదాకా తిప్పి చూసి, బీరువాలో పెట్టేసింది.

ఫలితాలొచ్చాయి. పెద్దక్క గట్టెక్కింది. ఆ మాట చెబుదామని వెనక గదికి పరుగెత్తేసరికి, మేడమ్ అక్కడే నిలబడి ఉంది. చేతిలో తర్వాతి ఏడాదికొచ్చిన కొత్త పుస్తకం, ఇంకా ముద్ర కూడా పడలేదు. దాన్ని ఆయన ముందు పెట్టి అంది:

"బాబాయ్, ఈసారి పదకొండు మంది."