రాజన్నకు మొక్కిన జుట్టు

కోరుట్ల వృద్ధాశ్రమంలో ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందు రూతమ్మకే చెప్పుకునేవాళ్లు. ఆమె అక్కడ ఉద్యోగి కాదు, ఇబ్రహీంపట్నం పసుపు చేలల్లో కూలి చేసిన మనిషి. ఆమె తల్లి చివరి ఏడాది ఆ ఆశ్రమంలోనే గడిపింది. చలికాలంలో చన్నీళ్లు పోస్తున్నారని తల్లి చెబితే, ఎవరిని అడగాలో తెలియక రూతమ్మ ఊరుకుంది. తల్లి పోయాక ఆ ఊరుకోవడమే ఆమెను తినేసింది. అప్పటి నుంచి ప్రతి సోమవారం వెళ్లి మంచం మంచం దగ్గరా కూర్చునేది. పప్పు నీళ్లయినా, కొడుకు ఫోనెత్తకపోయినా, మేనేజరు సంజీవ్‌ను నిలదీసేది. ఇంట్లోవాళ్లకు కబురు తనే మోసేది.

అందరూ ఆమెను మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు కొంచెం తలకెక్కిందని కూడా చెప్పాలి.

సిరిసిల్లలో బీడీలు చుట్టి బతికిన లింగవ్వ కూడా అక్కడే ఉండేది. జ్వరంతో పడిన మనవరాలు లేస్తే వేములవాడ రాజన్నకు తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది. పిల్ల లేచింది. మొక్కిన జుట్టుకు గుడి చేరేదాకా కత్తెర తగలకూడదు. ఆశ్రమంలోనేమో పేలు పడతాయని చెప్పి ఆడవాళ్లకు నెలనెలా జుట్టు పొట్టిగా కత్తిరిస్తారు. పోదామంటే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, బస్సులన్నీ బంద్.

"నా జుట్టు ముట్టొద్దని సార్‌తోని చెప్పు బిడ్డా. నేను చెప్తే ముసల్ది లొల్లిపెట్టి ఒర్రుతున్నదంటరు."

"చెప్తనవ్వా. గదెంత పని!"

ఆ రోజు రూతమ్మ మేనేజరుతో వేడినీళ్ల కోసం పోట్లాడి గెలిచింది. గెలిచిన సంబరంలో జుట్టు మాట మరిచిపోయింది. ఇంటికొచ్చాక గుర్తొచ్చినా తిరిగి పోలేదు. కటింగ్ షాపులవాళ్లంతా సమ్మెలో ఉన్నారు, రోడ్డు మీదే గడ్డాలు గీసి నిరసన చేస్తారట, ఇక ఆశ్రమానికి ఎవరొస్తారని ధీమా. నిజానికి, ప్రభువును నమ్ముకున్న ఆమెకు రాజన్న మొక్కు అంత పెద్దదిగా తోచలేదు.

శుక్రవారం సమ్మెకు మద్దతుగా రోడ్డు మీద వంటావార్పు. రూతమ్మ పొయ్యి దగ్గర గరిటె తిప్పుతోంది. పక్కనే, ఆశ్రమంలో కటింగ్ చేసే పెంటయ్య నడిరోడ్డులో కుర్చీ వేసి ఒకాయనకు గడ్డం గీస్తున్నాడు.

"ఏం పెంటయ్యా, ఆశ్రమానికి డుమ్మా కొట్టినవా?"

"ముసలోళ్ల కాడ సమ్మె ఏందక్కా? పొద్దుగాలనే పోయి అందరికి కటింగ్ చేసి అచ్చిన."

రూతమ్మ గరిటె ఆపేసింది. "లింగవ్వకు గూడనా?"

"ఆయమ్మలు పట్టుకున్నరు. గామె ఏదో ఒర్రింది. అందరు ఒర్రేదే గద."

పొయ్యి మీద అన్నం వదిలేసి రూతమ్మ ఆశ్రమానికి పరుగెత్తింది.

లింగవ్వ తలమీద కొంగు లాక్కుని మంచం మీద కూర్చుంది. జుట్టంతా ఊడ్చి ఎప్పుడో కాల్చేశారు. ఎదురుగా సంజీవ్ నిలబడి ఉన్నాడు. రూతమ్మను చూడగానే లింగవ్వ గొంతు లేచింది.

"అడుగు సార్, గీ బిడ్డనే అడుగు! నా మొక్కు సంగతి నీకు చెప్పిందా లేదా? ఎందుకు ఇనలే?"

సంజీవ్ రూతమ్మ వైపు చూశాడు. సమ్మె మొదలైనప్పటి నుంచి కూరగాయలకు, మందులకు తిరిగి తిరిగి మనిషి వాడిపోయాడు. గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించి, తల దించుకున్నాడు.

"చెప్పే ఉంటదవ్వా. నేనే మర్సిపోయిన. తప్పయింది," అని వంగి లింగవ్వ కాళ్లు మొక్కాడు.

ఆ వంగిన వీపును చూస్తూ కూడా రూతమ్మ నిజం చెప్పలేకపోయింది. సిగ్గుతో కళ్లు నిండాయి. లింగవ్వ ఆమె చేయి పట్టుకుంది.

"నువ్వేడ్వకు బిడ్డా. నీ తప్పేమున్నది? నువ్వు చెప్పినవు."

"ఔనవ్వా," అంది రూతమ్మ. "చెప్పిన."