పటేలు పిస్తోలు

ఝరాసంగం దగ్గరి ఒక ఊరి పటేలును తలచుకుంటే, చొక్కా పైకెత్తి నడుమునున్న చిన్న పిస్తోలును సర్దుకునే తీరే గుర్తొస్తుంది. జహీరాబాద్‌లో నా టైపు దుకాణానికి వచ్చినా, కూర్చునే ముందు ఆ పని చేయాల్సిందే.

డెబ్బైల చివర్లో ఒకసారి చిన్నబోయిన ముఖంతో వచ్చాడు. జొన్నచేనులో పడ్డ అడవిపందుల మీద, ఊరంతా చూస్తుండగా కాల్చాడట. గురి తప్పింది. పేలిన తూటా డొల్ల బయటికి రాక ఇరుక్కుపోయింది. రెండోసారి పేలనే లేదు. పందులు తాపీగా వెళ్లిపోయాయి. జనం నవ్వారు.

"కంపెనీకి ఉత్తరం రాయి సారూ. జర ఇజ్జత్‌గ రాయి," అన్నాడు.

రాశాను. హైదరాబాద్‌లోని తుపాకుల దుకాణం ద్వారా పిస్తోలు కంపెనీకి వెళ్లింది. ఆరు నెలలు ఆయన నడుమున ఖాళీ పిస్తోలు తోలుసంచినే సర్దుకుంటూ తిరిగాడు. నవ్వినవాళ్లు కూడా సలాం కొట్టడం మానలేదు.

బాగైన పిస్తోలుతోపాటు జవాబొచ్చింది. డొల్లను బయటికి లాగే కొక్కెం ఆముదం జిడ్డుకు బిగుసుకుపోయిందట, కొత్తది వేశారట, ఇకమీదట ఆముదం పూయొద్దట. చదివి చెప్పాను. ఆయన దుకాణం బయట నిలబడ్డ తన ఊరివాళ్ల వైపు తిరిగి, "మస్తు వాడిన పిస్తోల్ అని రాసిన్రు," అన్నాడు.

మర్నాడు ఊరివాళ్లందరినీ పిలిచి, మట్టిదిబ్బ మీదికి కాల్చాడు. నేనూ వెళ్లాను. వేడి డొల్ల టక్కున ఎగిరి, తిన్నగా ఆయన చొక్కాలోకే జారింది. పటేలు పిస్తోలు కింద పెట్టి గంతులేశాడు. గుండీలు తెంపుకొని డొల్లను బయటికి తీసి, అందరికీ ఎత్తి చూపాడు.

"కాలితే కాలింది గానీ, బయటికైతే వచ్చింది గద!"