శామ్యూల్ కాక మేజరైన రోజు

మా చిన్నప్పుడు... సాయంత్రం బాపు సైకిల్ రాడ్డు మీద కూర్చుని మిల్ట్రీ క్లబ్బుకు పోవడమంటే నాకు పండుగే. పెద్దపల్లిలో స్టేషన్ దాటాక రెండు గదుల పెంకుటిల్లు అది. పట్టాళం నుంచి రిటైరై వచ్చిన చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు, ఒకరు ఇటుకలు, ఒకరు దూలాలు తెచ్చి కట్టుకున్నారట. ఒకరి పెన్షన్ కాగితాలు ఇంకొకరు నింపడం, క్యారమ్స్ ఆడటం, పాత ముచ్చట్లు... అంతే పని.

ఆ క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉండేది. బయట ఎవరు ఎంత ఉన్నవాళ్లైనా సరే, గడప దాటితే పాత ర్యాంకే. సుబేదార్ సాబ్‌కు చేతుల కుర్చీ, హవల్దార్లకు బెంచీ, మిగతావాళ్లకు స్టూళ్లు. మా బాపు హవల్దార్. బాపు లోపలికి రాగానే శామ్యూల్ కాక లేచి, మడమలు కలిపి, సావధాన్‌లో నిలబడేవాడు. బాపు 'బైఠో' అంటేనే కూర్చునేవాడు.

శామ్యూల్ కాక పట్టాళంలో వంటవాడు. ఊళ్లో మాకంటే పొలం ఎక్కువే. వాళ్ల బిడ్డ రూతు నా క్లాసే, తనూ క్లబ్బుకు వచ్చేది. వాళ్ల బాపు లేచి నిలబడినప్పుడల్లా నేను రూతు వైపు ఓరగా చూసేదాన్ని. ఎంత పొగరో నాకు...

మేం అయిదో తరగతిలో ఉండగా సినిమావాళ్లు వచ్చారు. దగ్గరి గుట్టల్లో యుద్ధం సీన్లు తీయాలట. వాళ్లు తెచ్చుకున్న మనుషులకు కవాతు రావడం లేదని మా క్లబ్బుకు వచ్చి అందరినీ వరుసలో నిలబెట్టారు. వాళ్లకు ర్యాంకులతో ఏం పని... ముఖాలు చూసి ఏరుకున్నారు. శామ్యూల్ కాక ఆరడుగుల మనిషి, గుబురు మీసాలు. మేజర్ వేషం ఆయనకిచ్చారు. బాపుకు సిపాయి వేషం.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కడుపులో ఒకటే మంట. అవ్వ పిలిస్తే అవ్వ మీద, తమ్ముడు నవ్వితే తమ్ముడి మీద... అందరి మీదా విసుక్కున్నాను.

షూటింగ్ రోజు పిల్లలమంతా గుట్ట మీద బండలెక్కి కూర్చున్నాం. సీను చిన్నదే. మేజర్ నడుచుకుంటూ వస్తాడు, సిపాయి సెల్యూట్ కొడతాడు, మేజర్ ముందుకు పోయి హీరో భుజం తడతాడు. కెమెరా తిరిగింది. మేజర్ బట్టల్లో శామ్యూల్ కాక దర్జాగా వచ్చాడు... బాపును చూశాడు... టక్కున మడమలు కలిపి సావధాన్‌లో నిలబడిపోయాడు.

మళ్లీ తీశారు. మళ్లీ అదే. ఎన్నిసార్లు తీసినా బాపు ఎదురుపడగానే ఆయన కాళ్లు వాటంతట అవే ఆగిపోయేవి. డైరెక్టర్ నెత్తి మీది టోపీ తీసి నేలకేసి కొట్టి, ఈ మేజర్‌ను మార్చేయండి అన్నాడు. నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను. పక్క బండ మీద రూతు గౌను అంచు నోట్లో కుక్కుకుని ఏడుపు ఆపుకుంటోంది.

అప్పుడు బాపు చేతిలోని కట్టె తుపాకీ పక్కన పెట్టి డైరెక్టర్ దగ్గరికి పోయాడు. నేను ఎదురుగా ఉంటే అతను నడవలేడు, నా జాగాలో ఇంకొకరిని నిలబెట్టండి అని చెప్పాడట. ఆ వేషం విప్పి ఇచ్చేసి, వచ్చి మా పక్కన కూర్చున్నాడు. తర్వాత ఒక్కసారికే సీను అయిపోయింది.

సినిమా ఆడినప్పుడు శామ్యూల్ కాక కనబడగానే టాకీసంతా ఈలలు. హీరోతో ఆయన దిగిన ఫొటో క్లబ్బు గోడకెక్కింది. సెట్టు విప్పాక మిగిలిన రేకులతో క్లబ్బు ముందర వసారా వేసుకున్నారు. ఆ తర్వాత ఏ సినిమావాళ్లకు కవాతు కావాలన్నా మా క్లబ్బుకే కబురు వచ్చేది... అన్నిట్లోనూ మేజర్ శామ్యూల్ కాకే. బాపు ఒక్కదాంట్లోనూ లేడు.

బడిలో రూతు చుట్టూ ఎప్పుడూ గుంపే. ఒకరోజు ఆ గుంపులో నిలబడి గట్టిగా అనేశాను.

"మేజరేంది? మిల్ట్రీల గిన్నెలు తోమినోడు మీ బాపు. మా బాపు జాలి పడ్డడు గన్కనే సిన్మల కనవడ్డడు."

రూతు పుస్తకాలు తీసుకుని వేరే బెంచీకి పోయింది.

సంగతి బాపు దాకా వచ్చింది. కొడతాడనుకున్నాను. మంచం మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నాకు కుళ్లు పుట్టలే అనుకుంటున్నవా బిడ్డా? గా షూటింగ్ దినం ఇంటికొచ్చి అన్నం సుత ముట్టలే నేను."

బాపు నోట ఆ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"కుళ్లు అందరికీ పుడ్తది. అది మన కడుపులనే ఉండాలె, అవుతలోళ్ల మీద కక్కద్దు. పోయి గా పోరికి తప్పైందని చెప్పి రా."

నేను పోలేదు. చెప్పొచ్చిన అని బాపుతో అబద్ధమాడాను. ఆయన నమ్మాడు... నా తలకాయ నిమిరాడు కూడా. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే ఎండాకాలం సెలవులొచ్చాయి. సెలవుల తర్వాత రూతును ఆదిలాబాద్ హాస్టల్‌లో వేశారు.

ఇప్పుడు ఆ క్లబ్బు లేదు. ఆ జాగాలో వరుసగా షట్టర్లు, ఫోన్ల దుకాణం, బిర్యానీ పాయింటు. సుబేదార్ సాబ్, శామ్యూల్ కాక, బాపు... ఒక్కొక్కరే పోయారు. ఈ రోజుల్లో ఎవరి ఫోన్లో చూసినా వాళ్ల సొంత వీడియోలే, రేపటికి ఎవరికీ గుర్తుండవు. అప్పుడేమో శామ్యూల్ కాక అర నిమిషం తెర మీద కనబడినందుకు నా కడుపు ఏళ్ల తరబడి మండింది. నిజం చెప్పాలంటే ఇంకా చల్లారలేదు... టీవీలో ఆ సినిమా వస్తే ఇప్పటికీ చానల్ మార్చేస్తాను.

మీలోనూ ఉండే ఉంటారు... చిన్నప్పుడు ఎవరినో చూసి కుళ్లుకుని, అనరాని మాట అనేసి, ఇన్నేళ్లూ నోరు విప్పలేకపోయినవాళ్లు. కింద రాయండి, నేనొక్కదాన్నే కాదని తెలిస్తే కొంచెం ధైర్యంగా ఉంటుంది.

నేను మొదలుపెడుతున్నాను. రూతూ... నువ్వు ఎక్కడున్నావో నాకు తెలియదు. ఆ రోజు అందరి ముందు అన్నాను కాబట్టి అందరి ముందే చెబుతున్నాను. తప్పైంది.