ఖలందర్ బస్సు టైర్లు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గురజాల నుంచి నరసరావుపేట వెళ్లే బస్సును ఖలందర్ నడిపేవాడు. చలికాలం పొద్దున్నే టైర్లు మెత్తబడతాయని, తలకు మఫ్లరు చుట్టుకుని అందరికంటే ముందే వచ్చి చేతిపంపుతో గాలి కొట్టేవాడు. తర్వాత ఒక్కో టైరునూ ఎద్దు మెడ నిమిరినట్టు అరచేత్తో తడిమి చూసేవాడు. ఆ సైజు టైర్లు ఎక్కడా దొరకడం లేదు. గాలి తగ్గితే నాపరాళ్ల దారిలో కోసుకుపోతాయని అతని భయం. "ఎముకలు ఇరుగుతుండాయయ్యా, కాస్త గాలి తగ్గించు!" అని జనం మొత్తుకుంటే, "ఎముకలు అతుక్కుంటయి, టైరు దొరకదు" అనేవాడు.

ఒకనాటి ఉదయం, పురిటినొప్పులు పడుతున్న హజ్రా బీ అనే అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఆమె తల్లి బస్సెక్కించింది. ఖలందర్ బీడీ పారేసి, వెనక టైర్ల పక్కన గొంతుక్కూర్చుని, సుయ్యిమని గాలి వదిలాడు. "నీకేమన్నా పిచ్చా? టైరు పోతే బస్సు మూలబడుద్ది!" అని అరిచాడు బస్సు యజమాని వెంకటాద్రి. "దెబ్బలేమన్నా ఉంటే ఇయ్యాళ టైర్లే తింటయి షావుకారు గారూ" అంటూ ఖలందర్ నెమ్మదిగా బండి పోనిచ్చాడు.

నరసరావుపేటలో బస్సును నేరుగా ఆసుపత్రి ముందే ఆపాడు. రోజూ దిగగానే టైర్లు తడిమే మనిషి, ఆవేళ గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. లోపల పసిబిడ్డ ఏడుపు వినపడ్డాక గానీ అతనికి టైర్లు గుర్తుకు రాలేదు.