ఓడ మీద వేసిన నెపం

మా అన్నతో చివరి ఆట ఆడలేకపోవడానికి ఓడ ఆలస్యమే కారణమని చుట్టాలందరికీ చెప్పాను. ఓడ ఎదురు మాట్లాడదు కాబట్టి నా మాట చక్కగా నిలబడింది. జరిగింది అది కాదు.

అన్న పోర్ట్ బ్లెయిర్ దగ్గర చౌల్దారీలో ఇల్లు ఖాళీ చేసి విశాఖలో కూతురి దగ్గరికి పూర్తిగా వెళ్లిపోతున్నాడు. వెళ్లేముందు ఒక్కటే అడిగాడు. కుర్రతనంలో ఒకే కీబోర్డు మీద ఇద్దరం ఆడిన పడవ పందెం ఆట. ఎడమవైపు మీటలు అతనివి, కుడివైపువి నావి. గెలుపు ఎప్పుడూ ఎడమవైపే.

"ఇంకొక్కసారి నిన్ను ఓడించేసి పోతానురా," అన్నాడు.

ఆట ఫైళ్లు నా దగ్గర భద్రంగానే ఉన్నాయి. కొత్త ల్యాప్‌టాప్ మాత్రం వాటిని చూసి, ఇది ఇక్కడ నడవదని చెప్పేసింది. పాత కంప్యూటర్‌లా నటించే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటే నడుస్తుందని ఇంటర్నెట్‌లో చదివాను. ఇంటర్నెట్‌లోనే చదివాను. చదివిన వెంటనే విశాఖలో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేసి, అది దించి పెన్‌డ్రైవ్‌లో వేసి ఓడలో పంపమన్నాను.

ద్వీపాల్లో పుట్టినవాళ్లకు ఇది వింతగా తోచదు. ఒకప్పుడు మాకు ఒక ఫొటో తెరుచుకునేలోగా అన్నం ఉడికేది. మెయిన్‌లాండ్ వెళ్లే ప్రతివాడి చేతా ఒక హార్డ్‌డిస్క్ పంపేవాళ్లం. సినిమాలూ సాఫ్ట్‌వేర్లూ ఆవకాయ జాడీల పక్కన కూర్చుని ఓడలో వచ్చేవి. తర్వాత సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుల్ వేశారు. అది పోర్ట్ బ్లెయిర్ దాకా వచ్చింది గానీ నా బుర్ర దాకా రాలేదు.

"ఇక్కడే దించుకోవచ్చు కదండీ?" అంది మా ఆవిడ.

"అంతంత సామాన్లు ఇక్కడ దిగవు. నీకు తెలీదులే."

ఆ సామాను ఎంతుందో నేనూ చూడలేదు. ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాణ్ని నేనే కాబట్టి చూడాల్సిన అవసరం కనిపించలేదు.

అన్న సాయంత్రాలు సిప్పీఘాట్‌లో మా ఇంటికి వచ్చి టీ తాగి వెళ్లేవాడు.

"ఏటిరా, అయిపోనాదా?"

"ఓడ రావాలి అన్నయ్యా."

"ఆటకి ఓడేటిరా?"

"అదంతా టెక్నికల్."

"అచ్ఛా," అని తలూపేవాడు. నా మాట మీద అతనికి నమ్మకం ఎక్కువ.

తుఫాను హెచ్చరికతో ఓడ విశాఖలోనే ఆగిపోయింది. ఎట్టకేలకు వచ్చింది. తిరుగు ప్రయాణంలో అన్న ఎక్కాల్సిన ఓడ కూడా అదే. పెన్‌డ్రైవ్ తెచ్చినాయన ఆ ఓడలోనే పనిచేస్తాడు. ఆయనకు బయటికి రావడం కుదిరేసరికి అన్న పెట్టెలతో జెట్టీ దగ్గర వరుసలో నిలబడి ఉన్నాడు.

"వచ్చేసిందా సామాను?" అన్నాడు నా చేతిలోని కవరు చూసి. "మొయ్యడానికి కూలీని పిలవమంటావేటి?"

నవ్వాను. కవరు జేబులో పెట్టుకున్నాను.

"ఛోడ్ రా, పోనీలే. మళ్లీ వచ్చినప్పుడు ఆడదాం," అన్నాడు. మళ్లీ రావడానికి ఇక్కడ అతనికి ఇల్లు లేదు.

ఇంటికొచ్చి చూస్తే ఆ ప్రోగ్రాం, జెట్టీలో నేను తీసిన అన్న ఫొటో కంటే చిన్నది. ఆ ఫొటోను అక్కడినుంచే ఫోన్‌లో అతని కూతురికి పంపేశాను. దానికి ఏ ఓడా అవసరం కాలేదు.

ఆట వెంటనే నడిచింది. అన్న విశాఖ చేరాక ఫోన్ చేసి అడిగాడు.

"నడుస్తోంది. నీకూ పంపనా?" అన్నాను. "ఇప్పుడే, నెట్‌లోనే."

"నాకెందుకురా? కుడిపక్క ఎవడు కూకుంటాడు?"

ఫోన్ పెట్టేశాక ఒక పందెం ఆడాను. ఎడమవైపు పడవ బయల్దేరాల్సిన చోటే నిలబడి ఉంది. అన్న మీద నేను గెలవడం అదే మొదటిసారి.