మా మేనత్త అడిగిన రక్తం

మా మేనత్త పోయిందన్న కబురు నాకు షిఫ్టు దిగాక తెలిసింది. మణుగూరు బొగ్గుగనిలో నేను డంపర్ నడుపుతాను. బండి మీద ఉన్నంతసేపు ఫోన్ ముట్టకూడదు. కిందికి దిగి చూస్తే మా ఆవిడ కాల్స్ వరసబెట్టి ఉన్నాయి. ఆమె అలా చేసిందంటే రెండే కారణాలుంటాయి. ఒకటి గ్యాస్ బండ అయిపోవడం, రెండోది మనిషి అయిపోవడం. బండ ముందురోజే మార్చాను. అందుకే ఫోన్ చేయకముందే టైరు నీడన కూలబడ్డాను.

"పొద్దుగాల పోయిందట" అంది మా ఆవిడ.  ఆ వెంటనే మెల్లగా అడిగింది. "మరి బిడ్డ స్కానింగ్ ఎట్ల?"

చావుకబురు వెనకాలే ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో మీకు తెలియాలంటే, మా అత్త ఎలాంటి మనిషో చెప్పాలి.

ఆమె మా నాన్నకు చెల్లెలు. చర్ల దాటాక అడవంచున ఉన్న మా ఊళ్లో పుట్టింది. భద్రాచలం హాస్టల్లో చదివి, హైదరాబాద్ వెళ్లి, రసాయన శాస్త్రంలో పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుంది. నేనూ ఆమె చదివిన బడిలోనే చదివాను. ఆమె ఆ బడి దాటి వెళ్లింది, నేను ఎక్కువగా దాని గోడ దాటి వెళ్లాను.

డాక్టరేట్ వచ్చాక మొదటిసారి ఊరికి వచ్చినప్పుడు, తెల్లారేసరికి వాకిట్లో జనం. ఒకాయనకు జ్వరం, ఒకామెకు మోకాళ్లు, ఇంకొకాయనకు ఏమీ లేదు గానీ వచ్చినోళ్లతో పాటు వచ్చాడు. "నేను ఆ డాక్టర్ను కాదే" అని అత్త ఎంత చెప్పినా ఎవరూ కదల్లేదు. "మరి ఏ డాక్టర్వు?" అని మోకాళ్ల ముసలమ్మ అడిగింది. "సీసాల డాక్టర్ను" అంది అత్త. "గయితే ఓ సీస ఇయ్యి" అని చెయ్యి చాపింది ముసలమ్మ. చివరికి జ్వరమాయన్ని, ముసలమ్మను బస్సెక్కించుకుని భద్రాచలం దవాఖానాకు తానే తీసుకుపోయింది. ఆ తర్వాత పేరు ముందు డాక్టర్ అని ఎక్కడా రాసుకోలేదు.

ఆమె పని ఉత్ప్రేరకాలతో. అంటే ఏమిటో మా వంటింట్లో ఒకసారి చెప్పింది. రెండు పదార్థాలు పక్కపక్కనే ఉండి కూడా ఎంతకీ కలవవట. మూడోదాన్ని చిటికెడు వేస్తే కలుస్తాయట. మా ఆవిడ వెంటనే అందుకుంది. "సమజైంది. పాలల్ల తోడు ఏసినట్టు."

"కాదు బిడ్డా. తోడు పాలల్ల పడి తనే పెరుగైతది. గిది అందులో కలిసిపోదు. మనూర్ల పెండ్లి కుదిర్చెటోడు లేడా? రెండు ఇండ్లను కలుపుతడు, తింటడు, చెయ్యి కడుక్కుంటడు, ఇంకో ఇంటికి పోతడు. గట్ల."

"మా పెండ్లి కుదిర్చింది నువ్వే గదా?"

"అవ్. సూడు, నేనేమన్న మారిన్నా? మీరిద్దరే గిట్లయిండ్రు."

తనకు మాత్రం పెళ్లి కుదుర్చుకోలేదు. ఎందుకని అడిగితే "మూడోదాన్ని ఎవరేస్తరు రా" అని నవ్వేసేది.

ల్యాబు అలవాట్లు ఆమెను ఎక్కడా వదల్లేదు. దేన్నైనా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది కాదు. దూరం నుంచి అరచేత్తో గాలిని తన వైపు విసురుకుని చూసేది. మా చెల్లెలి పెళ్లిలో పప్పుచారు గంగాళం ముందు నిలబడి అలాగే విసురుకుంటుంటే వంటాయనకు కోపం వచ్చింది. "ఏందమ్మా, పాడైపోయిందంటవా?" అన్నాడు. "లేదే, మంచిగుంది. మా కాడ ముక్కు పెట్టి చూసినోళ్లకు ముక్కులు మిగల్లేదు, గందుకే" అంది. ఆయన రోజంతా తన ముక్కు తడుముకుంటూ వడ్డించాడు.

మా ఇంటికి వస్తే పచ్చడి జాడీల మీద కాగితం ముక్కలంటించి పేర్లు రాసిపోయేది. పేరు లేని సీసా పాముతో సమానం అనేది. ఉప్పు డబ్బా మీద "ఉప్పు" అని రాసిన ఇల్లు మా కాలనీలో మాదొక్కటే. మా అమ్మాయి చిన్నప్పుడు సుద్దముక్క మీద సిరా చుక్క పెట్టి, కాసిన్ని నీళ్లలో నిలబెట్టి చూపించింది. నీళ్లు పైకి పాకుతుంటే నల్ల సిరాలోంచి నీలం, ఊదా రంగులు విడిపోయి వచ్చాయి. పిల్ల అరగంట కదల్లేదు. ఇంకోసారి చేస్తే రంగులు విడిపోలేదు. ఏడుపు మొహం పెట్టిన పిల్లతో అత్త అంది. "రాకపోవుడు గూడ రిజల్టే. ఎందుకు రాలేదో గిప్పుడు అడుగు." అప్పట్నుంచి ఆమె పేరు ల్యాబు అమ్మమ్మ అయింది.

రిటైరయ్యాక ఆమెకు రొమ్ములో గడ్డ వచ్చింది. మా ఇంట్లో అది కొత్త కాదు. మా నాయనమ్మ అలాగే పోయింది. మా పెద్దత్త ఇద్దరు పిల్లల్ని పెట్టి అలాగే పోయింది. మా ఇలవేల్పుకు ఇంటి ఆడబిడ్డల మీద ఏదో అలక ఉందని ఊళ్లో అనుకునేవారు. అత్తకు పరిచయమున్న ఒక జన్యుశాస్త్రం మేడం, క్యాన్సర్ కుటుంబాల మీదే పని చేసే ఆవిడ, అత్త రక్తం పరీక్ష చేసింది. ఒక జన్యువులో తప్పు ఉంది. అది తల్లి నుంచైనా తండ్రి నుంచైనా బిడ్డలకు సగం అవకాశంతో వస్తుంది. వచ్చినవాళ్ల పిల్లలకు మళ్లీ సగం.

ఆపరేషన్ కుట్లు మానకముందే అత్తకు ఒకటే ధ్యాస పట్టుకుంది. మా ఇంట్లో ఇంకెవరికి ఉందో తెలియాలి. తెలిస్తే ముందే కనిపెట్టుకుని ఉండొచ్చు.

కొత్తల పండుగకు అందరం ఊళ్లో కలుస్తాం. కొత్త పంట వేల్పుకు పెట్టనిదే నోట పెట్టుకోం. ఆ రోజే మేడాన్ని, రక్తం తీసే నర్సును వెంటబెట్టుకుని వచ్చింది అత్త. మా ఇంటి ఆడవాళ్లంతా స్నానాలు చేసి, మంచి చీరలు కట్టుకుని, వసారాలో చాప మీద వరసగా కూర్చున్నారు. మేడం "రొమ్ము" అని మొదలుపెట్టిందో లేదో, మగవాళ్లం ఒకరి మొహాలొకరం చూసుకుని లేచాం. ఆడవాళ్ల ముచ్చట నడిచేచోట మేం నిలబడం. అది మా మర్యాద. చిన్నాయన ముందు నడిచాడు, మేం వెనక. రోడ్డు మీది చాయ్ కొట్టుకు చేరాం.

తీరా చూస్తే చాప మీద ఉన్నవాళ్లలో ముప్పాతికమంది మా ఇంటి కోడళ్లు. వాళ్ల రక్తం వాళ్ల పుట్టిళ్లది. మా ఇంటి రక్తం చాలావరకు చాయ్ కొట్టు దగ్గర బెంచీ మీద ఉంది. మేడానికి ఏం చేయాలో తోచలేదట. అత్తకు తోచింది. తలకు గుడ్డ కట్టుకుని, ఎండలో, తానే నడిచి వచ్చింది.

"లెవ్వుండ్రి. నాకు గావాల్సింది మీరే."

చిన్నాయన అత్తకు అన్న, ఇంటికి పెద్ద. గ్లాసు దించకుండానే అన్నాడు. "మగోళ్లకు గా జబ్బేంది చెల్లే? నలుగురు వింటే పరువు పోతది."

"పరువు సీసల పట్టదన్నా. రక్తమే పడతది."

"వేల్పు ఊకుంటడా?"

"పొద్దుగాల వేల్పుకు కోడిని కోసినవ్. నీకేమన్న నొచ్చిందా? నాకు నీది గింత ఇస్తే వేల్పు ఏమంటడు? నేను గూడ గీ ఇంటి ఆడబిడ్డనే."

చాయ్ కొట్టాయన నవ్వాపుకోలేక పొయ్యి వైపు తిరిగాడు. అత్త నా ముందుకు వచ్చి నిలబడింది.

"ఏమల్లుడా, నీ డంపర్ల ఏం పోసిండ్రో నీకు ముంగట కూసుంటే కనపడతదా?"

"కనపడదు."

"మరి మోస్తున్నవా లేదా? మీ నాయన మోసిండో లేదో అడుగుదామంటే ఆయన లేడు. నువ్వు మోస్తే, నీకు ఏం గాకపోవచ్చు రా. తీస్కపోయి దింపేది నీ బిడ్డ వాకిట్ల."

అంతవరకూ అది ఆడవాళ్ల సంగతి. ఆ మాటతో నా సంగతి అయింది. లేచాను. నేను లేస్తే తమ్ముళ్లు లేచారు. చిన్నాయన చాయ్ పూర్తిగా తాగి, గ్లాసు కడిగించి, ఇంకేం మిగలక లేచాడు. సూది చూసి కళ్లు మూసుకున్నవాళ్లలో ఆయనే మొదటివాడు, నేను రెండోవాడిని. కోడళ్లు చాప మీదినుంచి చూసి పడీ పడీ నవ్వారు.

కొన్ని వారాల తర్వాత మేడం ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చెప్పింది. చిన్నాయనకు లేదు. ఆయన ఊరంతా తిరిగి తన ఇంజిన్ సాఫ్ ఉందని చెప్పుకున్నాడు. నాకు ఉంది. మగవాళ్లకూ కొంచెం ప్రమాదం ఉంటుందని, నేనూ ఏటా డాక్టరుకు చూపించుకోవాలని అన్నారు. యాభై దాటాక నా ఛాతీ మీద ఇంత శ్రద్ధ మొదలవుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

నా సంగతి నవ్వుకోవడానికి బాగానే ఉంది. అమ్మాయి సంగతే నవ్వు రానివ్వలేదు. ఖమ్మంలో కోచింగ్ కాలేజీలో లెక్కలు చెబుతుంది, సెలవు దొరక్క ఆ పండుగకు రాలేదు. "దానికి చెప్పొద్దు" అని మా ఆవిడ పట్టుబట్టింది. "తెలిస్తే అది రోజూ సచ్చుకుంట బతుకుతది. తెల్వకుంటే రాకనే పోవచ్చు." అందులో తల్లిప్రేమ ఎంత ఉందో నాకు తెలుసు కాబట్టి ఎదురు చెప్పలేకపోయాను.

అత్త కీమో సూదుల మధ్యలోనే బస్సెక్కి మణుగూరు వచ్చింది. మా ఆవిడ పక్కన పీట వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంది. చాలాసేపు జబ్బు మాటే ఎత్తలేదు. తర్వాత అంది. "బిడ్డా, గా సీసల పచ్చడో పురుగుమందో తెల్వకుంట నువ్వు అన్నంల ఏస్కుంటవా?"

"ఏస్కోను."

"గంతే. సీస మీద పేరు రాస్తమంటున్న. సీస తీసి పారేస్తమంటలే."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అత్త ఓదార్చలేదు. ఆమె వంతు చిక్కుడుకాయలు కూడా తానే తుంచింది. ఆ ఆదివారం అమ్మాయికి చెప్పాం. అది మా వైపు వింతగా చూసింది. "సగానికి సగం అంటే ఏందో రోజూ బోర్డు మీద రాసి చెప్తున్న. నా దగ్గర దాస్తరా నాన్నా?" అంది. తానే వెళ్లి రక్తం ఇచ్చింది.

దానికీ ఉంది.

ఫోన్లో అత్తకు చెప్పాను. ఆమె నిదానంగా అంది. "నాకు తెల్సేయాల్లకు అది నన్ను సగం తినేసింది రా. పిల్లకు అసలు రాకముందే తెల్సింది. గీ ఇంట్ల గంత ముందుగాల తెల్సినోళ్లు ఎవరున్నరు?" ఆ వారంలోనే మేడంతో మాట్లాడి, అమ్మాయికి ఏటేటా చేయించాల్సిన స్కానింగ్ మొదటిది ఖమ్మంలో ఖాయం చేయించింది.

చివరిసారి హైదరాబాద్ దవాఖానాలో చూశాను. జబ్బు మళ్లీ తిరగబెట్టింది. మందుగోలీని వేళ్ల మధ్య తిప్పుతూ, దీన్ని తయారుచేసే దారిలో ఒక మెట్టు తాము రోజూ చేసిన పని లాంటిదేనని, చుట్టాన్ని చూపించినట్టు చూపించింది. నవ్విద్దామని నేనన్నాను. "నువ్వు ఉత్ప్రేరకానివి గదత్తా. నువ్వు మారవు గదా."

"పుస్తకాలల్ల గట్ల రాస్తరు. ఫ్లాస్కుల అది గూడ అరుగుతది రా. మెల్లమెల్లగ మురికి పట్టి ఒకనాడు పని బందు చేస్తది. అప్పటిదాంక ఎంత కలిపిందనేదే చూస్తం." గోలీ మింగి నీళ్లు తాగింది. "పిల్ల స్కానింగ్ తారీకు జరపకుండ్రి."

మరో వారంలో స్కానింగ్ అనగా ఆమె పోయింది. ఊరికి తెచ్చుకున్నాం. దినం కాకముందే మైల ఇంటినుంచి పిల్లను ఊరు దాటించడం ఏంటని పెద్దవాళ్లు అన్నారు. ఇంకో తారీకు అడుగుదామన్నారు. అత్త మాట చెబుదామని నేను నోరు తెరిచేలోపే చిన్నాయన లేచాడు. ఏడ్చి ఏడ్చి ఆయన గొంతు పోయింది.

"నా చెల్లె ఎండల నడిచొచ్చి మమ్ములను బెంచి మీదికెల్లి లేపింది. గిప్పుడు మైలని కూసుంటే అది ఊకుంటదా? పిల్లను తీస్కపో. వేల్పుకు నేను చెప్పుకుంట."

ఖమ్మం వెళ్లాం, అమ్మాయి, నేను. స్కానింగ్ గదిలోకి లోహమేదీ పోకూడదట. తలుపు దగ్గర నిలబడి అది ఒక్కొక్కటే తీసి నా చేతి రుమాల్లో పెట్టింది. దుద్దులు, గొలుసు, గాజులు, ఉంగరం, ఎక్కడెక్కడినుంచో పిన్నీసులు. తలలో ఇన్ని పిన్నులుంటాయని నాకు తెలియదు. తలుపు మూసుకుంది. లోపల యంత్రం బండరాయి కొడుతున్నట్టు మోగుతూనే ఉంది. రుమాలు మూట రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాను. నూటయాభై టన్నుల బండి నడిపే చేతులకు ఆ మూట బరువెక్కింది.

చాలాసేపటికి డాక్టరుతో మాట్లాడి జుట్టు విరబోసుకుని వచ్చింది. "ఏం లేదంట. మళ్ల ఏడాది రమ్మన్నరు" అంటూ రుమాలు విప్పి, పిన్నులు పళ్ల మధ్య పెట్టుకుని జడ అల్లుకుంది. దుద్దు పెట్టుకుంటుంటే దాని మర జారి, టింగున మోగి, బెంచీ కిందికి దొర్లింది. నేను మోకాళ్ల మీదికి దిగి, ఫోన్ లైటు వేసి, చెప్పుల మధ్య చేత్తో తడుముతూ వెతకడం మొదలుపెట్టాను. బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు కాళ్లు పైకెత్తారు. పైన మా అమ్మాయి, నోట్లో పిన్నులతోనే, నవ్వుతోంది.