కొత్త చెప్పుల జత

మా ఆయన ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణంలో సేల్స్‌మన్. ఎవరు ఎదురైనా ముందు కాళ్లు చూస్తాడు, తర్వాతే మొహం. పెళ్లిచూపుల్లోనూ అంతే. నాకు ఒళ్లు మండింది. "పిల్లను చూడనీకి వచ్చిండా, కాళ్లు చూడనీకా?" అని మా అమ్మను అడిగాను.

ఆ నా కాళ్లలో ఎడమదానికే కష్టం వచ్చింది. తుంటి ఎముకలో క్యాన్సర్. మొదటిసారి ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. పీడ విరగడైందనుకున్నాను. ఆ ఏడాది నాంపల్లి ఎగ్జిబిషన్ కూడా తిరిగొచ్చాను. మాయదారిది, మళ్లీ అదే చోట పుట్టింది.

ఈసారి డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. పాడైన ఎముక తీసేసి లోహపు కీలు పెడతారట. కానీ గడ్డ పెద్ద నరాన్ని, రక్తనాళాలను చుట్టుకొని ఉంటే కాలే తీసేయాలి. అది లోపల చూస్తే గానీ తెలియదు. సరేనని సంతకం పెట్టాను.

దవాఖానలో చేరే ముందు రోజు ఈయన కొత్త చెప్పులు పట్టుకొచ్చాడు. నా నోరు ఊరుకుంటుందా.

"రెండెందుకు తెచ్చినవయ్యా? ఒక్కటి సరిపోదా?"

"ఒంటి చెప్పు మా దుకాణంల అమ్మరు," అని వంటింట్లోకి పోయి నల్లా తిప్పాడు. ఎంతకీ కట్టేయలేదు. నేనే కుంటుకుంటూ పోయి కట్టేసి, కొంగుతో ఆయన మొహం తుడిచాను.

ఆపరేషన్ తర్వాత మెలకువ వచ్చింది. ఎడమ పాదం దురద పెడుతున్నట్టే ఉంది. అయినా నమ్మలేదు. తీసేసిన కాలు కూడా ఉన్నట్టే అనిపిస్తుందని పక్క మంచం ఆమె ముందే చెప్పింది. దుప్పటి వైపు చూడాలంటే భయం. ఫ్యాను చూస్తూ పడుకున్నాను.

ఈయన్ని లోపలికి రానిచ్చారు. వచ్చి కాళ్ల దగ్గర నిలబడి, దుప్పటి కిందికి చెయ్యి పెట్టి, గిరాకీలకు చెప్పు తొడిగి చూసినట్టే బొటనవేలు నొక్కాడు.

"జర చెప్పు. వేలికి తెలుస్తుందా?"

"ఏ కాలు?"

"ఎడమది."

మళ్లీ నొక్కాడు. తెలిసింది.

"ఔ," అన్నాను. "మెల్లగ నొక్కు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన వేలు వదలలేదు. ఆ రోజు మాత్రం నా కాళ్ల వైపు చూడనే లేదు. నా మొహమే చూస్తూ నిలబడ్డాడు.